మీడియం సైజు కోడలు

“ఊపిరి బిగబట్టు,” అంది మాస్టరమ్మ.

కోడలు బిగబట్టలేదు. స్టూలు మీద నిలబడ్డది నిలబడ్డట్టే ముందుకు వంగిపోయి, కుడి పక్కటెముకల కింద అరచెయ్యి అదుముకుంది. నడుం చుట్టూ ఉన్న టేపు జారి కాళ్ల దగ్గర పడింది.

“ఇప్పుడే రావాలా?” అంది మాస్టరమ్మ, ఆ కోడలికి అత్త. నొప్పిని అడిగిందో, కోడల్ని అడిగిందో తెలియదు. కోపం మాత్రం ఇద్దరి మీదా సమానంగానే ఉంది.

“మీరు పిలిస్తే వచ్చిందా అత్తయ్యా, మీరు పొమ్మంటే పోవడానికి?”

కుట్టే హాల్లో మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. పద్నాలుగు మంది ఆడవాళ్లు. అత్తాకోడళ్ల మాటలు వినబడాలంటే మిషను మీంచి కాలు తియ్యాలి, తీశారు. పనిలో ఉన్నట్టు కనబడాలంటే తల వంచుకోవాలి, వంచుకున్నారు.

నెలలో ఇది నాలుగోసారి. మొదటిసారి వచ్చినప్పుడు అజీర్ణం అన్నారు. రెండోసారి గ్యాసు అన్నారు. మూడోసారి మాస్టరమ్మ ఏకంగా నాటకం అంది. పోయిన వారం స్కానింగులో అసలు సంగతి బయటపడింది. పిత్తాశయంలో రాళ్లు, చిన్నవీ పెద్దవీ కలిపి ఆరేడు. ఆపరేషన్ రేపు, బుధవారం. శాంపిళ్లు చూడటానికి బట్టల కంపెనీవాళ్లు వచ్చేది ఎల్లుండి, గురువారం. ఈ రెండు రోజులూ ఇలా పక్కపక్కన వచ్చి కూర్చున్నప్పటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ తిన్నగా మాట్లాడలేదు.

“కాసేపు కూర్చో. తగ్గాక మళ్లీ ఎక్కుదువుగాని,” అంది మాస్టరమ్మ టేపు తీసుకుంటూ.

“ఎక్కను.”

“ఏంటీ?”

“ఎక్కను అత్తయ్యా. రేపు ఆపరేషన్ పెట్టుకుని ఇవాళ నడుం కొలత దేనికి? కోసేది డాక్టరు, మీరు కాదు.”

ఎవరో నవ్వబోయి దగ్గారు. మాస్టరమ్మ అటు చూసింది. ఆ దగ్గు మళ్లీ వినబడలేదు.

ఈ హాల్లో పుట్టే ప్రతి గౌనూ, ప్రతి కోటూ ముందు ఒక మనిషి ఒంటి మీద నిలబడాలి. చెక్కబొమ్మకి తొడిగితే బొమ్మ చెయ్యెత్తదు, కూర్చోదు, చంకలో పట్టేస్తోందని చెప్పదు. అందుకని కంపెనీవాళ్లు మనిషినే అడుగుతారు. ఛాతీ ముప్పై ఆరు, నడుం ఇరవై ఎనిమిది, తుంటి ముప్పై ఎనిమిది. దాన్ని మీడియం అంటారు. ఆరేళ్ల కిందట బొత్తాలు కుట్టడానికి వచ్చిన పిల్లకి మాస్టరమ్మ ఊరికే టేపు వేసి చూసింది. పావు అంగుళం తేడా లేదు. కోడల్ని వెతికేవాళ్లు మొహం చూస్తారు, గుణం చూస్తారు, కనీసం వంట వచ్చా అని అడుగుతారు. మాస్టరమ్మ టేపు చూసి కొడుక్కి చేసుకుంది. ఆ రోజు నుంచీ హాల్లో అందరూ ఆ పిల్లని ‘మీడియం’ అనే పిలిచారు. ముద్దుగానే పిలిచారు లెండి.

రెండో కాన్పు తర్వాత మీడియం కాస్తా మీడియంగా లేకుండా పోయింది. అరవై తొమ్మిది కిలోలు. మాస్టరమ్మ అదిరిపోలేదు, బెదిరిపోలేదు. వదులైన బట్టని బిగించడం ఆమెకి ముప్పై ఏళ్ల పని. వారానికో అంగుళం చొప్పున తగ్గాలని కటింగ్ బల్ల అంచున సుద్దముక్కతో గీతలు గీసింది. పొద్దున ఒక పండు, సాయంత్రం ఒక గిన్నెడు సూపు. రెండు నెలల్లో పదిహేను కిలోలు పోయాయి. అందరూ మెచ్చుకున్నారు, కోడలు కూడా అద్దంలో చూసుకుని మురిసిపోయింది. అబద్ధం ఎందుకు చెప్పాలి!

ఆ తర్వాతే నొప్పి మొదలైంది. తిన్నాక వస్తోంది కాబట్టి తినడం మానేస్తే పోతుందని మాస్టరమ్మ తేల్చేసింది. ఆ పండు కూడా తీసేసింది.

మెట్ల మీద చెప్పుల చప్పుడు విని కోడలు తలెత్తింది. వచ్చింది ఆమె అక్క. ఆసుపత్రిలో స్కానింగులు తీస్తుంది. చెల్లెలి కడుపులో రాళ్లు కనిపెట్టింది ఆవిడే. పని బట్టల్లోనే వచ్చేసింది, మెడలో గుర్తింపు కార్డు కూడా తియ్యలేదు.

“సంచీ సర్దుకున్నావా?” అంది రాగానే.

“నిన్ననే. పిల్లలిద్దర్నీ అమ్మ దగ్గర వదిలేశా.”

“సంచీ సర్దితే సరిపోదు. నీ ఆపరేషన్ రేపు లేదు. పై నెలకి వెళ్లింది.”

“ఎవరు మార్చారు?”

“ఇంట్లోవాళ్లు ఫోన్ చేశారట. ‘మా ఆవిడే వాయిదా వెయ్యమంది’ అన్నారట. ఇందాక జాబితా చూస్తే నీ పేరు కొట్టేసి ఉంది.”

హాలు చివర గాజు తలుపు వెనక ఒక గది ఉంది. ఆర్డర్లు, ఉత్తరాలు, ఫోన్లు చూసే గది. అందులో కూర్చునేది ఆ ఇంటి కొడుకు. ఇప్పుడు అతను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఉన్నాడు. అవతల ఎవరూ లేరని హాల్లో అందరికీ తెలుస్తూనే ఉంది.

కోడలు తలుపు తోసింది.

“మీరు చేశారా ఆ ఫోను?”

అతను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు.

“అడుగుతున్నాను.”

“నువ్వు ఆవేశపడకు. మూడు వారాలే కదా. డాక్టరు కూడా అర్జెంటు అనలేదు…”

“డాక్టరు ఏమన్నారో నేను విన్నాను. నొప్పి ఇన్నిసార్లు వచ్చాక ఆలస్యం చెయ్యొద్దన్నారు. రాయి జారి పిత్తం పోయే గొట్టంలో ఇరుక్కుంటే కళ్లు పచ్చబడతాయి, జ్వరం వస్తుంది, ప్రాణం మీదికి వస్తుందన్నారు. అప్పుడు నువ్వు నా పక్కనే కూర్చున్నావు.”

ఆరేళ్ల కాపురంలో అతన్ని ‘నువ్వు’ అనడం అదే మొదటిసారి. అతను ఫోను బల్ల మీద పెట్టాడు.

“అమ్మ చెప్పింది,” అన్నాడు.

“చెప్పింది అమ్మ. చేసింది ఎవరు?”

అతను బల్ల మీది ఉత్తరాలు సర్దడం మొదలుపెట్టాడు. పెళ్లాన్నీ తల్లినీ ఇద్దర్నీ సంతోషపెట్టాలనుకునేవాడు ఇద్దరికీ అబద్ధం చెబుతాడు. ఇతను దానికి తోడు ఆసుపత్రికి కూడా చెప్పాడు.

గుమ్మంలో మాస్టరమ్మ వచ్చి నిలబడింది. మెడలో టేపు, చేతిలో సుద్దముక్క.

“వాణ్ణేం అడుగుతావు? నన్నడుగు. నేనే మార్చమన్నాను. గురువారం శాంపిల్ కుదరకపోతే ఆర్డరు ఇంకొకళ్లకి పోతుంది. నా చేతి కింద పద్నాలుగు ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది. నీ కడుపునొప్పి కోసం అవన్నీ ఆర్పెయ్యమంటావా?”

“నా కడుపు నొప్పే కాదు అత్తయ్యా, నా కడుపు.”

“మీ వంశంలో ఉన్న జబ్బుకి నా పని ఎందుకు ఆగాలమ్మా? మీ అమ్మకీ రాళ్లేనటగా, పదేళ్ల కిందట తీయించుకుందటగా! పెళ్లికి ముందు ఒక్కరైనా ఆ మాట చెప్పారా? నేను కొలతలన్నీ చూసుకున్నాను గానీ లోపల రాళ్లున్నాయని చూసుకోలేదు. నాదే బుద్ధితక్కువ.”

అక్క అప్పటిదాకా గోడకి ఆనుకుని ఉంది. ఇప్పుడు ముందుకొచ్చింది.

“వంశం సంగతి నిజమే అత్తయ్యగారూ. అమ్మకి ఉంటే కూతుళ్లకి వచ్చే అవకాశం ఎక్కువ. నాకూ ఉంది.”

“నీకా?” అంది చెల్లెలు.

“ఒకటుంది. శనగగింజంత. మూడేళ్ల కిందట కొత్త మిషను వస్తే, పనిచేస్తోందో లేదో చూద్దామని నా పొట్ట మీదే పెట్టుకున్నా. కనిపించింది. ఈ రోజుదాకా నన్ను పలకరించలేదు, నేనూ దాన్ని కదిలించలేదు.”

“చూశావా!” అంది మాస్టరమ్మ. ఆ గొంతులో సంతోషం దాగలేదు. “మీ అక్కకీ ఉంది. కిక్కురుమనకుండా ఉద్యోగం చేసుకుంటోంది. నీకే ఎందుకమ్మా ఇంత గోల?”

“ఎందుకంటే నా రాయి నిద్రపోతోంది, దానివి లేచి కూర్చున్నాయి,” అంది అక్క. “వందమంది పెద్దవాళ్లని నిలబెట్టి స్కానింగు తీస్తే పదిమందికో పదిహేనుమందికో ఈ రాళ్లుంటాయి. నేను రోజూ చూస్తాను. ఇంకేదో చూడబోతే ఇవి కనబడతాయి. అందులో చాలామందికి జీవితాంతం నొప్పే రాదు. మగవాళ్లకంటే ఆడవాళ్లకి ఎక్కువ. నలభై దాటితే ఎక్కువ, కాన్పులైతే ఎక్కువ, లావుంటే ఎక్కువ. ఈ హాల్లోనే ఇద్దరికి ఉన్నా నేను ఆశ్చర్యపోను.”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, హాల్లో నలుగురైదుగురు కుడి పక్క తడుముకున్నారు. కాలర్లు కుట్టే పెద్దావిడ అయితే లేచి నిలబడి మరీ తడుముకుంది.

“నీకేం లేదు, కూర్చో!” అని కసిరింది మాస్టరమ్మ. తర్వాత అక్క వైపు తిరిగింది. “లావుంటే వస్తాయని నీ నోటితోనే అన్నావు. నేను దాన్ని సన్నబరిచాను. అంటే మంచే చేశానుగా!”

“మెట్లు దిగడం మంచిదే అత్తయ్యగారూ. మీరు దాన్ని మేడ మీంచి తోశారు.”

“మాటలు తిన్నగా రానీ.”

“తిన్నగానే వస్తున్నాయి. పిత్తాశయం ఒక చిన్న సంచీ. మనం తిన్నప్పుడల్లా అది ముడుచుకుని, లోపలున్న రసాన్ని పేగుల్లోకి వదులుతుంది. తినకపోతే వదలదు. రసం అక్కడే నిలవుండి చిక్కబడుతుంది. ఒళ్లు అంత జోరుగా కరిగితే కొవ్వు కూడా వచ్చి ఆ రసంలోనే చేరుతుంది. అదే గట్టిపడి రాయవుతుంది. నెమ్మదిగా, తింటూ తగ్గితే ఇంత ముప్పుండదు. అమ్మ నుంచి వచ్చింది కొంత, కాన్పుల వల్ల కొంత. ఎవరి వాటా ఎంతో నేను కొలిచి చెప్పలేను. కానీ దానికి అసలే ముప్పుంది. అలాంటి మనిషిని మీరు రెండు నెలలు పస్తులుంచారు. నొప్పి వస్తే ఆ కాస్త తిండీ తీసేశారు.”

“పస్తులుంచానా? నేనా? అడుగు దాన్ని, ఎప్పుడైనా కంచం లాక్కున్నానా?”

“కంచం పెడితేగా లాక్కోవడానికి,” అంది కోడలు.

ఇస్త్రీపెట్టె ఆవిరి వదిలిన చప్పుడు వినబడింది. ఎవరో వెళ్లి దాన్ని ఆపేశారు.

మాస్టరమ్మ చెడ్డది కాదు. ఈ మాట చెబితే మీరు ఒప్పుకోరని తెలుసు. ఒకప్పుడు ఆవిడ కూడా ఇదే స్టూలు మీద నిలబడింది, ఇదే ఇరవై ఎనిమిది కోసం. ఆకలికి కళ్లు తిరిగితే గోడ పట్టుకుని నిలబడింది. ఆవిడకి ఏ రాయీ రాలేదు, లేదా వచ్చినా చప్పుడు చెయ్యలేదు. తనకి రానిది లోకంలో లేదనుకుంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అలాంటివాళ్లతో వాదించి గెలిచినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

“అక్కా,” అంది కోడలు, “కొట్టేసిన పేరు మళ్లీ రాయించొచ్చా?”

“ఆ జాగా ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మధ్యాహ్నం లోపు నువ్వొచ్చి స్వయంగా చెప్పాలి. సంతకం కూడా నీదే చాలు. ఎవరి అనుమతీ అక్కర్లేదు.”

“ఇప్పుడే వెళ్దాం.”

“ఒక్క నిమిషం,” అన్నాడు భర్త, కుర్చీలోంచి సగం లేచి. “శుక్రవారం చేయించుకో. గురువారం ఒక్కరోజు నిలబడితే చాలు. శుక్రవారం నేనే తీసుకెళ్తా, మాటిస్తున్నా.”

“ఆరేళ్లుగా నిలబడ్డాను. నువ్వు కూర్చునే ఉన్నావు. ఇంకా కూర్చో.”

అతను కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు, అదీ ఆ మనిషి సంగతి.

కోడలు గోడ పక్కనున్న సంచీ అందుకుంది. నొప్పి ఇంకా పూర్తిగా వదల్లేదు. సంచీ ఎత్తలేక అక్క చేతికిచ్చింది. మెట్ల దాకా ఇద్దరూ వెళ్లారు.

“వెళ్లు,” అంది మాస్టరమ్మ వెనక నుంచి. “నువ్వు లేకపోతే తెల్లారదనుకుంటున్నావేమో. మీడియం నువ్వొక్కదానివే కాదు.”

లోపలి గది వైపు తిరిగి కూతుర్ని కేకేసింది.

ఆడపడుచు వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల. ఈ మధ్య ఎండలో కూడా వదులు కోటు వేసుకు తిరుగుతుంటే చదువుకునే పిల్లల ఫ్యాషనేమో అనుకున్నారు అందరూ. కోటు విప్పి కుర్చీ మీద వేసి, ఎవరివైపూ చూడకుండా స్టూలెక్కింది.

కాలర్లు కుట్టే పెద్దావిడ నోరు నొక్కుకుంది. ఆ పిల్ల భుజాల ఎముకలు బనియను కింద తేలి కనిపిస్తున్నాయి.

మాస్టరమ్మ టేపు చుట్టింది. “ఇరవై తొమ్మిది,” అంది హాలంతా వినబడేలా. “ఎల్లుండికి ఇంకో అర అంగుళం. మిగతాది ఊపిరి బిగబడితే సరి.”

మెట్ల దగ్గర కోడలు ఆగిపోయింది.

“ఎప్పటినుంచి?” అని అడిగింది.

ఆడపడుచు తల దించుకుంది. “నీకు మొదటిసారి నొప్పొచ్చినప్పటి నుంచి వదినా. నీ మీద నమ్మకం లేదు, నన్ను తయారుగా ఉండమంది అమ్మ. నెలయింది.”

“ఎన్ని కిలోలు?”

“తొమ్మిది.”

అక్క సంచీ కింద పెట్టేసింది. “ఏం తింటున్నావమ్మా?”

“పొద్దున ఒక పండు. సాయంత్రం…” అని ఆగిపోయింది. మిగతాది ఎవరూ అడగలేదు.

“పక్కలో నొప్పేమైనా వచ్చిందా?”

“లేదక్కా. ఏమీ లేదు.”

“విన్నారుగా, దానికేం లేదు,” అంది మాస్టరమ్మ.

“మా చెల్లెలికీ రెండు నెలల దాకా ఏమీ లేదు. నాకు మూడేళ్లుగా ఏమీ లేదు,” అంది అక్క. “నొప్పి లేదంటే రాయి లేదని కాదు అత్తయ్యగారూ. చూస్తేగాని తెలియదు.”

కోడలు నెమ్మదిగా వెనక్కి నడిచి స్టూలు దగ్గరికి వచ్చింది. ఆడపడుచు చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

“దిగు. నాతో రా. పది నిమిషాల స్కానింగు, అంతే.”

“దాని జోలికి రాకు!” మాస్టరమ్మ రెండో చెయ్యి పట్టుకుంది. “నీ ఇష్టమొచ్చినట్టు నువ్వు తగలడు. అది నేను కన్న పిల్ల.”

“నన్ను కూడా ఎవరో కన్నారు అత్తయ్యా.”

మాస్టరమ్మ కూతురి చెయ్యి వదల్లేదు. కోడలూ వదల్లేదు. స్టూలు మీద ఆ పిల్ల రెండు చేతులూ చెరో వైపు లాగబడి, కొంచెం ఊగుతూ నిలబడింది.

“అమ్మా,” అంది చివరికి, చిన్నపిల్లలా. “నాకు ఆకలేస్తోందే.”

“గురువారం దాటనీ,” అంది మాస్టరమ్మ.

ఆలోచించి అన్న మాట కాదది. ఇన్నేళ్ల అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. అనేశాక గాని ఆవిడకి వినబడలేదు. హాల్లో పద్నాలుగు మందికీ, గాజు తలుపు వెనక కొడుక్కీ మాత్రం ముందే వినబడింది.